సర్దిందెవరు, సర్దుకునేదెవరు

బ్రౌజర్ రూపం మారితే దాని మీద కూడా వ్యాసమా అని నవ్వింది ఒక స్నేహితురాలు. నవ్వదగ్గ విషయమే. చుట్టూ ఇన్ని ఘోరాలు జరుగుతుంటే కంప్యూటర్ తెర మీద ఒక బొమ్మ ఇటునుంచి అటు జరిగిందని బాధపడటమేమిటి? కానీ ‘చిన్న విషయం’ అని పక్కకు నెట్టేసిన వాటి గురించే కదా మనం ఇన్నేళ్ళుగా మాట్లాడుతున్నాం. వంటగట్టు ఎత్తెంత ఉండాలి, పనిచేసే చోట బాత్రూం ఎంత దూరంలో ఉంది లాంటివి కూడా ఒకప్పుడు సాహిత్య పత్రికల్లో రాయదగ్గ విషయాలు కావు.

సాహిత్యంలో పిహెచ్.డి. చేసినవాళ్ళు లైబ్రరీలో పాత పుస్తకాల దుమ్ము దులుపుతూ ఉంటారని చాలామంది అనుకుంటారు. నా పని ఎక్కువభాగం తెర మీదే. ‘హిందూ సుందరి’, ‘గృహలక్ష్మి’ లాంటి పాత స్త్రీల పత్రికలు ఎన్ని సంచికలు దొరికితే అన్ని స్కాన్ల రూపంలో చదువుకుంటాను. ఒక ట్యాబ్‌లో 1930ల నాటి పేజీ, పక్కదాంట్లో నిఘంటువు, ఇంకోదాంట్లో నా నోట్సు. ఏ వేళ చూసినా ముప్ఫై నలభై ట్యాబ్‌లు తెరిచే ఉంటాయి. వాటిని పేర్లు చదివి వెతుక్కోను. ఎడమ నుంచి ఎన్నోది, దాని మీద బొమ్మ ఏ రంగుది అన్నది చేతికి తెలుసు. కరెంటు పోయిన రాత్రి తడుముకోకుండా మంచినీళ్ళ బిందె దగ్గరికి నడిచి వెళ్తామే, అలాగ. ఆ తెలివి ఒక్కరోజులో రాలేదు. థీసిస్ రాసిన ఆరేళ్ళూ కూడబెట్టుకున్నది.

రెండేళ్ళ క్రితం ఒక సోమవారం పొద్దున బ్రౌజర్ తెరిచేసరికి ఆ ఇల్లు లేదు. ట్యాబ్‌లు లావెక్కి, మూలలు గుండ్రంగా తిరిగాయి. పైనున్న పట్టీ మందం పెరిగింది. నా చిన్న లాప్‌టాప్‌లో ఆ మేరకు అడుగున పేజీ తగ్గింది. పాత స్కాన్లు చదివేవాళ్ళకు రెండు పంక్తులు తగ్గడమంటే పేజీ పేజీకీ ఇంకోసారి కిందకు జరుపుకోవడం. నేను ఏళ్ళ తరబడి పేర్చుకున్న బుక్‌మార్కుల వరుస కనిపించకుండా పోయింది. తెర మధ్యలో మాత్రం ఒక పెట్టె, మీకోసం సరికొత్త రూపం అంటూ. కింద ‘మొదలుపెడదాం’ అని ఒకటే బటన్. ‘వద్దు’ అనడానికి ఏమీ లేదు. నేను అడగనిది నాకోసం చేశామని చెప్పి, కృతజ్ఞత కూడా ఎదురుచూసే ఆ గొంతు నాకు కొత్త కాదు. మీకూ కొత్త కాదనుకుంటాను.

తెలుగులో ‘సర్దు’ అనే క్రియ ఉంది. ఇల్లు సర్దుతాం, పెట్టె సర్దుతాం, అలమర సర్దుతాం. మనిషి కర్త, వస్తువు కర్మ. దానికి ‘కొను’, ‘పోవు’ చేరి ‘సర్దుకుపోవు’ అయ్యేసరికి సకర్మకం కాస్తా అకర్మకమైపోతుంది. వస్తువులు ఎక్కడివక్కడే ఉంటాయి, మనిషే జరుగుతుంది. ‘కాస్త సర్దుకుపోవాలమ్మా’ అనే వాక్యంలో ఆ ‘అమ్మా’ ఊరికే రాలేదు. ఇంట్లో ఆడవాళ్ళు రెండు పనులూ చేస్తారు, సర్దుతారు, సర్దుకుపోతారు. మొదటిది పని అని కొంచెమైనా కంటికి ఆనుతుంది. రెండోది పని అని ఎవరూ అనుకోరు, చేసినవాళ్ళతో సహా.

పెళ్ళయి వెళ్ళిన ఇంట్లో మొదటిరోజు పొయ్యి ముందు నిలబడి ఉప్పు ఎక్కడుందో తెలియక తడబడ్డ వాళ్ళకు ఇది వివరించక్కర్లేదు. అక్కడ హార్లిక్స్ సీసాలో చింతపండు ఉంటుంది, బిస్కెట్ల డబ్బాలో ఎండుమిరపకాయలు ఉంటాయి. సర్దిన మనిషికి అది అయోమయం కాదు, ఒక క్రమం. కొత్తగా వచ్చిన మనిషి ఆ క్రమాన్ని మౌనంగా బట్టీ పట్టాలి. ఎంత త్వరగా పడితే అంత మంచి కోడలు.

వంటిల్లు అన్నాను కాబట్టి ఒక నిజం వంటింటి కథ చెప్తాను. 1926లో మార్గరెటె షుట్టె-లిహోట్‌స్కీ అనే ఆస్ట్రియన్ ఆర్కిటెక్టు జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరపాలక సంస్థ కట్టిస్తున్న ఇళ్ళ కోసం ఒక వంటగదికి నమూనా గీసింది. సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు. రైళ్ళలోని వంటపెట్టెల్ని చూసి, ఏ పనికి ఎన్ని అడుగులు పడుతున్నాయో లెక్కగట్టి గీసిన గది. అలాంటివి దాదాపు పదివేలు అమర్చారు. ఆడవాళ్ళ చాకిరీ తగ్గించాలన్నదే ఉద్దేశం. పప్పుకీ పంచదారకీ విడివిడిగా అల్యూమినియం సొరుగులు పెట్టి, ఏది ఎందులో పోయాలో పేర్లు ముందే రాసి ఇచ్చారు. కాపురానికి వచ్చిన ఆడవాళ్ళు చాలామంది ఆ పేర్లను లెక్కచెయ్యలేదు, తమకు తోచినవి తోచిన చోట పోసుకున్నారు. పైగా ఆ సొరుగులు చిన్నపిల్లల చేతికి అందే ఎత్తులో ఉన్నాయి. అది గీసేనాటికి తాను ఏనాడూ ఇల్లు నడపలేదనీ, వండలేదనీ తర్వాతి కాలంలో ఆమే చెప్పింది. నాజీలను ఎదిరించి 1941 నుంచి 1945 దాకా జైల్లో ఉన్న మనిషి, ఆమెను చిన్నబుచ్చాలని కాదు. అంత మంచి ఉద్దేశంతో, అన్ని అడుగులు లెక్కపెట్టినా లెక్కలోకి రానిది ఒకటి మిగిలిపోయిందని చెప్పడానికే. ఆ చేతులకు అప్పటికే ఒక అలవాటు ఉంది. అలవాటు కూడా ఒక ఆస్తి.

మా అమ్మ విషయంలో ఆ ఆస్తి ఒక లాంగ్ నోట్‌బుక్ రూపంలో ఉంది. అమ్మ ముప్ఫై ఏళ్ళకు పైగా బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైంది. తెనాలిలో ఒక్కతే ఉంటుంది. 2020లో లాక్‌డౌన్ రోజుల్లో హైదరాబాదు నుంచి ఫోన్లోనే ఆమెకు కంప్యూటర్ నేర్పాను. చెప్పిన ప్రతిదీ నోట్‌బుక్కులో ఎక్కించుకుంది, లెక్కల టీచరు కాబట్టి సోపానాల వారీగా. ‘పైన కుడి చివర మూడు గీతలు నొక్కాలి. కిందకి ఏడో మాట. ఇల్లు బొమ్మ నొక్కరాదు, చదువుతున్నది పోతుంది.’ పక్కన పెన్నుతో ఆ బొమ్మలు కూడా వేసుకుంది. ఆ పుస్తకంతో ఆమె కరెంటు బిల్లు కట్టింది, పెన్షన్ కాగితాలు ప్రింటు తీసుకుంది, అర్ధరాత్రి నిద్రపట్టకపోతే పాత కచేరీలు విన్నది. ఎవర్నీ అడగక్కర్లేదు అన్న ధీమా ఆమె నడకలో కూడా కనిపించేది.

ఆ మార్పు వచ్చిన వారం నాలుగు రోజులు అమ్మ ఫోన్ చెయ్యలేదు. నేను చేస్తే పొడిపొడిగా మాట్లాడి పెట్టేసింది. అయిదో రోజు తనే చేసి, గొంతు తగ్గించి అంది: “అమ్మాయ్, నాకు మతి తప్పుతున్నట్టుందే. నా చేత్తో రాసుకున్నదే నాకు అర్థం కావట్లేదు.”

మా అమ్మమ్మ చివరి మూడేళ్ళు ఎవర్నీ పోల్చుకోలేదు. అమ్మే చూసుకుంది. కాబట్టి ఆ నాలుగు రోజులూ ఆమె ఏం అనుకుంటూ గడిపిందో నాకు చెప్పక్కర్లేకపోయింది. ఫోన్ కెమెరా తెరవైపు తిప్పమన్నాను. కుడి చివర మూడు గీతల చోట ఇంకేదో ఉంది. ఏడో మాట పదకొండోది అయింది. ఆమె సౌకర్యం కోసమని మెనూలన్నీ తెలుగులో పెట్టి ఉంచాను. కొత్తగా చేర్చిన మాటలకు ఇంకా అనువాదం జరగలేదేమో, సగం తెలుగు, సగం ఇంగ్లీషు. (స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లలో ఈ తెలుగు చాలావరకు జీతం తీసుకోని వాళ్ళు రాత్రిళ్ళు కూర్చుని చేసినది. పైన రూపం మారిన ప్రతిసారీ వాళ్ళకూ పని మళ్ళీ మొదలు.)

“నీకేం కాలేదమ్మా. మారింది అది, నువ్వు కాదు” అన్నాను.

నమ్మలేదు. “చెప్పకుండా ఎందుకు మారుస్తారే? మా స్కూల్లో టైంటేబుల్ మారిస్తే వారం ముందు నోటీసు బోర్డులో పెట్టేవాళ్ళం” అంది. బెంగళూరులో ఉన్న మా తమ్ముడు విని, “రెండ్రోజుల్లో అదే అలవాటైపోతుంది లేమ్మా” అన్నాడు. ప్రేమగానే అన్నాడు. కానీ అదే ఎలా అలవాటవుతుంది? ఎవరో కూర్చుని, తప్పులు నొక్కి, భయపడి, మళ్ళీ నొక్కి అలవాటు చేసుకుంటేనే కదా. ఆ గంటలు ఎవరి లెక్కలోనూ పడవు.

కోపంతో ఈ వ్యవహారం ఎలా నడుస్తుందో కొంచెం చదివాను. ఎవరో ఒక్కరిని తిట్టి వదిలే విషయం కాదు, అందరిదీ ఇంచుమించు ఒకటే పద్ధతి. ఫైర్‌ఫాక్స్ 2021 జూన్ 1న వచ్చిన 89వ వెర్షన్‌తో రూపం మార్చింది. మెనూల్లో మాటల పక్కనుండే బొమ్మలు పోయాయి, పట్టీని సన్నగా ఉంచుకునే అవకాశాన్ని కొత్తవాళ్ళకు కనిపించకుండా దాచారు. లోపల ఒక మీట మారిస్తే పాత రూపం వచ్చేది. ఆగస్టులో వచ్చిన 91తో ఆ మీటా పోయింది. క్రోమ్ 2023లో పదిహేనేళ్ళ పుట్టినరోజని కొత్త బట్టలు వేసుకుంది. వెనక్కి వెళ్ళే దారి అక్కడా కొంతకాలమే ఉంది. ముందు పెరటి తలుపు తెరిచి ఉంచుతారు, గోల సద్దుమణిగాక మూసేస్తారు. ఫైర్‌ఫాక్స్ 2020లో, క్రోమ్ 2021లో నాలుగు వారాలకో వెర్షన్ పద్ధతికి మారాయి. భద్రతా లోపాలు సరిచేసే మార్పులూ ఈ అలంకారాలూ ఒకే మూటలో వస్తాయి. అలంకారం వద్దని మూట తీసుకోకపోతే ఇంటికి గడియ పెట్టుకోనట్టే.

ఇందులో నన్ను ఆపేసిన సంగతి ఒకటుంది. ఫైర్‌ఫాక్స్‌లో 2012 నుంచి ‘ఎక్స్‌టెండెడ్ సపోర్ట్’ అనే రకం వేరే ఉంది. అందులో సుమారు ఏడాదిపాటు రూపం మారదు, భద్రతా మార్పులు మాత్రం వస్తుంటాయి. ఎవరైనా దించుకోవచ్చు గానీ, తయారుచేసింది ఆఫీసుల కోసం, విద్యాసంస్థల కోసం. వందలమంది ఉద్యోగులకు మళ్ళీ నేర్పాలంటే వ్యవధి కావాలి, అది ఖర్చుతో కూడిన పని అని వాళ్ళు అడిగారు, దొరికింది. అంటే కొత్తదానికి అలవాటు పడటం శ్రమ అన్న సంగతి తెలియక కాదు. జీతం ఇచ్చేచోట అది శ్రమ. తెనాలిలో అమ్మ దగ్గర అది ‘రెండ్రోజుల్లో అలవాటైపోయేది’.

మార్పే వద్దని నేను అనడం లేదు. కళ్ళు సరిగా కనిపించని వాళ్ళకు పెద్ద అక్షరాలు, వణికే వేళ్ళకు వెడల్పు బటన్లు ఇలాంటి మార్పుల్లోనే వచ్చాయి. లావెక్కిన ఆ ట్యాబ్‌లను వేలితో నొక్కేవాళ్ళు ఇష్టపడి ఉండొచ్చు. 2025 మార్చిలో ఫైర్‌ఫాక్స్ ట్యాబ్‌లను నిలువుగా పేర్చుకునే వీలు కల్పించింది. అది ఇష్టమైన వాళ్ళు పెట్టుకుంటారు, లేనివాళ్ళు పాత వరుసలోనే ఉంటారు. ఎవరికీ మతిపోయిందన్న భయం కలగలేదు. అడిగి చెయ్యడానికీ అడక్కుండా చెయ్యడానికీ ఉన్నంత తేడా పాతకీ కొత్తకీ మధ్య లేదు.

నా బుక్‌మార్కుల వరుస చివరికి కంట్రోల్, షిఫ్ట్, బి మూడూ కలిపి నొక్కితే తిరిగొచ్చింది. అప్పుడు తోచింది, తెర మీద ఏది ఎటు జరిగినా కీబోర్డు మీది దారులు చాలావరకు అలాగే ఉన్నాయని. ఆ సంక్రాంతికి తెనాలి వెళ్ళి, అమ్మా నేనూ నోట్‌బుక్కులో కొత్త అధ్యాయం మొదలుపెట్టాం. ఈసారి రంగులు లేవు, ఎడమ కుడి లేవు. ప్రింటుకి కంట్రోల్, పి. కొత్త ట్యాబ్‌కి కంట్రోల్, టి. పొరపాటున మూసేసింది మళ్ళీ రావాలంటే దానికే షిఫ్ట్ కలపాలి. ఈ చివరిది అమ్మకు తెగ నచ్చింది, నాలుగైదుసార్లు మూసి తెరిచి చూసుకుంది.

“ఇవి మార్చరుగా?” అంది.

“ఇప్పటిదాకా మార్చలేదు” అన్నాను.

ఆమె ఏమీ అనకుండా ప్రతి సోపానం కింద నాలుగు గీతలు ఖాళీ వదిలి రాయడం మొదలుపెట్టింది. నేను బయల్దేరేరోజు ఒక కవరు చేతిలో పెట్టింది. లోపల రెండు పేజీల ఉత్తరం, గుండ్రటి దస్తూరీలో, ‘అయ్యా/అమ్మా’ అని మొదలై, విషయం, మనవి, కింద సంతకం. వాళ్ళకు చేర్చమంది. హైదరాబాదు వచ్చాక బ్రౌజర్‌లో అభిప్రాయం చెప్పే చోటు వెతికాను. వరుసగా అయిదు మొహాల బొమ్మలు, ఏడుపు నుంచి నవ్వు దాకా, ఒకటి ఎంచుకోవాలి. ఎంచుకున్నాక రెండు మాటలు రాయడానికి చిన్న గడి. అమ్మ ఉత్తరం అందులో పట్టదు. పోస్టులో పంపడానికి అడ్రసు కోసం చూస్తున్నాను.