ఓడలు పోయిన పిమ్మట

విశాఖపట్టణపు తీరమున నౌకాదినోత్సవము చూడ బోయిన యొక సాయంకాలమున మా మనుమరాలు యుద్ధనౌకలను తేఱిపాఱ జూచి, "తాతా! ఇవి పరాయిదేశంలో ఆగితే అక్కడివాళ్లకు చుట్టాలా?" అని యడిగినది. మేము నవ్వి యూరకుంటిమి. ఇంటికి వచ్చిన పిదపగాని ఆ ప్రశ్నలోని బరువు మాకు తెలియలేదు.

ఫిలిప్పైను దీవులలో సూబిక్ అఖాతము గలదు. 1898లో స్పెయినును గెలిచిన అమెరికా ఆ దీవులను పుచ్చుకొని, యచ్చట మహానౌకాస్థావరమును నిర్మించెను. ప్రక్కనున్న ఒలంగపో పట్టణము 1959 వఱకు నౌకాదళపు పాలనమందే యుండెను. ఓడల మరమ్మతు పనులవలన వేలకొలది దేశీయులకు జీవనోపాధి కలిగిన మాట నిజము. కాని వియత్నాము యుద్ధకాలమున నావికులు గుంపులుగా దిగగా పానశాలల వీథులు పెరిగినవి. పల్లెలనుండి బీద యాడుపిల్లలు వచ్చి చేరిరి. వారిని క్రమముగా పరీక్షించి చీటీ లిచ్చుచుండిరి. మన దేశమునందును 1868లో తెల్లసేనల క్షేమముకొఱకు ఇట్టి చట్టమే పుట్టినది. తప్పున ఇరువురికిని పాలు గలదు. చీటి మోయుట మాత్రము స్త్రీకే.

ఇక బిడ్డల మాట. తన సైనికుల సంతానము స్వదేశమునకు వలస వచ్చుటకై అమెరికా 1982లో నొక శాసనము చేసినది. అందు కొరియా, వియత్నాము, లావోసు, కంబోడియా, థాయిలాండు పేళ్లు గలవు. ఫిలిప్పైనుల పేరు లేదు!

1991 సెప్టెంబరు 16న ఫిలిప్పైను సెనేటు 12 మంది ఒకవైపును 11 మంది ఒకవైపును నిలువగా, క్రొత్త యొడంబడికను త్రోసివైచెను. 1992 నవంబరు 24న అమెరికా దళములు సూబిక్‌ను విడిచిపోయినవి. పట్టణవాసులు వేలకొలది కూలి పుచ్చుకొనకయే కావలి కాసి, యచ్చటి కట్టడములను దొంగలపాలు గాకుండ నిలిపిరి. రేవు వర్తకస్థానమై బాగుపడినది. తండ్రి మొగ మెఱుగని బిడ్డలకు కావలి కాచిన వా రెవరు?

2014 నాటి యొడంబడికచే అమెరికా సేనలు ఆ దేశపు స్థావరములలో మరల నిలుచుటకు త్రోవ యేర్పడినది. మన యిండ్లలో పిల్ల నిచ్చునప్పుడు వరుని కులగోత్రములును, బ్రతుకుతెరువును విచారింపక తాంబూలములు పుచ్చుకొందుమా? ఒక దేశము తన తీరమునే యొరుల కిచ్చునప్పుడు అంతటి విచారణయైన వలదా? రేవునకు అద్దె వ్రాయు కాగితముననే పుట్టబోవు బిడ్డల పోషణమునుగూడ వ్రాయవలెనని మా మతము. అది వ్రాయనంతకాలము, "చుట్టాలు కారమ్మా, బాడుగకున్నవారు" అనియే మేము మా మనుమరాలికి బదులు చెప్పవలసియున్నది.