కొండసీమలో స్త్రీధనము

స్త్రీధనమనగానే పుట్టినింటివారు పెట్టిన నగలు, పసుపుకుంకుమల క్రింద నిచ్చిన భూమి మనకు జ్ఞప్తికి వచ్చును. మరి స్త్రీ చేతిపనివలన గడించిన ధన మెవరిది? దానిపై భర్తకే స్వామ్యమని కాత్యాయనస్మృతి చెప్పుచున్నది. పుట్టినింటివారు కానుకగా నిచ్చినది ఆమెదట. కష్టించి తెచ్చినది ఆమెది కాదట!

మా గూడెం కొత్తవీధి కొండలలో ఈ ప్రశ్న ప్రతి సంతనాడును ఎదురగుచుండును. కార్తీకము మొదలు పుష్యమువరకు కాఫీతోటలలో ఎఱ్ఱబడిన పండ్లను ఏరి కోయువారిలో స్త్రీలే మిక్కిలి. తోలు తీసి, జిగురు పోవునట్లు కడిగి, గింజల నెండబెట్టుటయు వారి పనియే. అడ్డాకులు, కొండచీపుళ్లు, చింతపండు తలమోపుగా సంతకు దెత్తురు. కాని అచ్చట కాటా పరుల చేతిలో, పద్దు పరుల చేతిలో నుండును. పాత బాకీక్రింద చెల్లువేసికొంటినని షావుకారు పలికినచో ఆమె కొంగున ముడివేయుట కేమి మిగులును?

అడవిసరకును న్యాయమైన వెలకు కొనుటకై 1956లో గిరిజన సహకార సంస్థ యేర్పడినది. 1982లో ఆరంభమైన డ్వాక్రా పథకమువలన స్త్రీలు గుంపులుగా కూడి పొదుపు చేయ నేర్చిరి. కాఫీమొక్కకు పుట్టినిల్లయిన ఆఫ్రికాలోని ఇథియోపియాయందును జనులు ‘ఎకుబ్’ అను చీటీలు కట్టి ఒకరి కొకరు పెట్టుబడి సమకూర్చుకొందురు. 2006 నాటి అటవీహక్కుల చట్టము వివాహితుల పట్టా దంపతుల యిరువురి పేర నుండవలెనని శాసించినది. నేలపై హక్కు వచ్చినది. నేల యిచ్చిన ఫలముపై హక్కు నిలుచుటెట్లు?

పొదుపు పుస్తకము చేతబట్టుకొని, “పంతులమ్మగారూ, ఇందులో ఎంతున్నదో చూడరూ” అని మా యరుగుమీదికి వచ్చు స్త్రీలు పెక్కురు కలరు. వారికి లెక్క రాదనుకొనరాదు. చింతగింజలతో పొల్లుపోక లెక్కింతురు. తెలియనిది అంకెల రూపు మాత్రమే. అందుచే మధ్యాహ్నము ఒక గంట అంకెలు, తూనికలు, రసీదు చదువు విధము చెప్పుచున్నాను. పలక, బలపము చాలును. ఒక యిల్లాలు మొన్నటి సంతలో రసీదు తానే చదివి, “రెండు కిలోలు తగ్గించి వ్రాసితిరి, దిద్దుడు” అన్నదట. దిద్దించుకొని, ఆ సొమ్ముతో కూతునకు పుస్తకములు కొనితెచ్చినది.

మీ యిరుగుపొరుగున కూరలమ్మియో, కుట్టుపని చేసియో సంపాదించు స్త్రీలు లేకపోరు. వారి పద్దు వారే వ్రాసికొనునట్లు దినమున కొక గంట నేర్పరాదా?