పొద్దు వెంట... బీదర్!

హైదరాబాద్ నుంచి మూడు గంటల ప్రయాణం. చూడటానికి ఒక్క రోజు చాలు. కెమెరా పట్టుకుని వెళ్లేవారికి మాత్రం అక్కడ ఏది ముందో, ఏది తర్వాతో చెప్పేది గైడు కాదు... సూర్యుడు!

బీదర్ పాతబస్తీలో ఓ కట్టడం ఉంది. ఎదురుగా నిలబడి కుడివైపు చూస్తే ఆకాశంలోకి లేచిన మినారు, దాని ఒంటినిండా నీలం, పసుపు, తెలుపు రంగుల టైల్స్. ఎడమవైపు చూస్తే... ఏమీ లేదు! ఎవరో కత్తితో కోసి తీసుకుపోయినట్టు సగం భవనం మాయం. మూడు అంతస్తుల గదులు విరిగిన గూళ్లలా కనిపిస్తుంటాయి.

అదే మహమూద్ గవాన్ మదర్సా. ఇరాన్‌లోని గిలాన్ నుంచి వ్యాపారిగా వచ్చి, బహమనీ రాజ్యానికి ప్రధానిగా ఎదిగిన గవాన్ దీన్ని 1472లో కట్టించాడు. చదువుకునే గదులు, మసీదు, పండితులకు నివాసాలు, వేల గ్రంథాలతో ఓ గ్రంథాలయం... అన్నీ ఒకే చోట. ఔరంగజేబు కాలంలో ఇది సైనికుల బస అయింది. పుస్తకాలుండాల్సిన చోటికి మందుగుండు చేరింది. 1696లో అది పేలింది. ముందు భాగంలో సగం, దక్షిణం వైపు గదులు, రెండో మినారు నేలమట్టమయ్యాయి.

పేలుడుకు ముందు ఆ భవనం ఎలా ఉండేదో చూపించే ఫొటో లేదు. కెమెరా పుట్టడానికి అప్పటికి ఇంకా వందేళ్లకు పైగా సమయముంది మరి! మిగిలిన సగం మాత్రం మన కాలం దాకా వచ్చింది. ఇప్పుడు ప్రతి జేబులోనూ కెమెరా ఉంది. బీదర్ ప్రయాణానికి అర్థం అక్కడే ఉంది.

తొలి వెలుగు... అష్టూరులో

బీదర్ ఇప్పుడు కర్ణాటకలో ఉన్నా 1956 వరకూ హైదరాబాద్ రాష్ట్రంలోనిదే. జహీరాబాద్ మీదుగా వెళ్తే దాదాపు 140 కిలోమీటర్లు. చీకటితోనే బయల్దేరితే సూర్యుడు కాస్త పైకి వచ్చేసరికి ఊరికి తూర్పున ఉన్న అష్టూరు చేరొచ్చు. పొలాల మధ్య వరసగా నిలబడ్డ పెద్ద పెద్ద గుమ్మటాలు... బహమనీ సుల్తానుల సమాధులవి.

ముందుగా కన్ను ఆగేది హుమాయూన్ షా సమాధి దగ్గర. 1458 నుంచి 1461 దాకా పాలించిన ఈ సుల్తానుకు చరిత్రలో మిగిలిన పేరు 'జాలిం', అంటే క్రూరుడు. పిడుగు పడి ఆయన సమాధి గుమ్మటం నిలువునా చీలిపోయిందంటారు. సగం కూలిపోగా మిగిలిన సగం కోసిన కొబ్బరిచిప్పలా నిలబడింది. గోడ ఎంత మందమో, గుమ్మటం ఎలా వంగుతూ పైకి లేచిందో బయటి నుంచే తెలిసిపోతుంది. ఏటవాలు ఎండ లోపలికి పడే వేళ దీన్ని తీస్తే ఆ లోతు ఫొటోలోకి వస్తుంది. ఎండ నడినెత్తికి ఎక్కితే మొండిగోడ తప్ప ఏమీ కనపడదు.

పక్కనే అహ్మద్ షా వలీ సమాధి. రాజధానిని గుల్బర్గా నుంచి బీదర్‌కు మార్చిన సుల్తాను ఈయనే. బయట సాదాసీదాగా ఉంటుంది. లోపల అడుగుపెడితే మొదట అంతా చీకటి. కళ్లు అలవాటుపడేకొద్దీ గోడల మీద, గుమ్మటం లోపల బంగారు, ఎరుపు, నీలం రంగుల్లో లతలు, అక్షరాలు ఒక్కొక్కటే బయటపడతాయి. దాదాపు ఆరు వందల ఏళ్ల నాటి రంగులవి. ఇక్కడ ఫ్లాష్ వెలిగించొద్దు. తలుపులోంచి వచ్చే వెలుగు చాలు, చెయ్యి కదలకుండా ఉంటే సరి.

ఏటా ఇక్కడ జరిగే ఉత్సవం ముస్లింలకు ఉర్సు, హిందువులకు జాతర. అహ్మద్ షాను అల్లమప్రభువు అవతారంగా కొలిచే భక్తులున్నారు. గుల్బర్గా ప్రాంతం నుంచి ఓ జంగమయ్య పరివారంతో నడిచి వచ్చి ఈ వేడుక జరిపించడం ఆనవాయితీ.

తిరిగి ఊళ్లోకి వచ్చే దారిలో ఎనిమిది మూలల చౌఖండీ కనిపిస్తుంది. సూఫీ గురువు ఖలీలుల్లా సమాధి ఇది. దీని ద్వారం చుట్టూ నల్లరాతిపై చెక్కిన లిపి షిరాజ్ నుంచి వచ్చిన కళాకారుడి పనితనం. అక్షరాల మధ్య తీగలు అల్లుకున్నట్టుంటాయి. పక్కవాటుగా ఎండ పడినప్పుడే ఆ చెక్కడం ఎత్తుపల్లాలు తెలుస్తాయి.

పొద్దెక్కే వేళ... మదర్సా

మదర్సా ముఖం తూర్పు వైపు. కాబట్టి మధ్యాహ్నం దాకా ఆగితే టైల్స్ మీద నీడ పడిపోతుంది. ఉదయం పూటయితే మిగిలిన ఒక్క మినారూ సుమారు 130 అడుగుల ఎత్తున రంగులీనుతుంది. మినారు మీద టైల్స్‌ను మెలికలు తిరిగే గీతల్లో పేర్చారు. ఇరాన్‌లో విరివిగా కనిపించే ఈ పని దక్కన్‌లో ఇంత పెద్దఎత్తున కనపడటం అరుదు.

దూరం నుంచి మొత్తం భవనాన్ని తీసి వెళ్లిపోవడం అందరూ చేసేదే. కొద్దిగా దగ్గరికి వెళ్లండి. ఒక టైలు పక్కనే మరొకటి రాలిపోయి, కింద సున్నం కనిపించే చోట ఆగండి. అసలు బొమ్మ అక్కడుంది. ఒకప్పుడు గోడంతా పరుచుకున్న రంగులో ఇప్పుడు మిగిలింది కొద్ది కొద్ది ముక్కలే.

గవాన్ కథ కూడా సగంలో తెగిపోయిందే. గిట్టనివారు సృష్టించిన దొంగ లేఖను నమ్మి సుల్తాను మూడో మహమ్మద్ షా 1481లో ఆయన్ని చంపించాడు. నిజం తెలిసి కుమిలిపోయిన సుల్తాను ఏడాది తిరిగేసరికి కన్నుమూశాడు. ఆ తర్వాత బహమనీ రాజ్యం ఎక్కువకాలం నిలవలేదు. ముక్కలైపోయింది. వాటిలో ఒకటే మన గోల్కొండ!

మిట్టమధ్యాహ్నం... కోట నీడల్లో

ఎండ నిలువునా దిగే వేళ బయటి ఫొటోలు పేలవంగా వస్తాయి. అప్పుడు కోటలోకి వెళ్లాలి. ముందు కందకం చూడండి. ఎర్రటి లాటరైట్ బండను తొలిచి, మధ్యలో రాతి గోడలు వదిలి, ఒకదాని పక్కన ఒకటిగా మూడు కందకాలు చేశారు. ఇటుక పేర్చి కట్టింది కాదు, కొండను తవ్వి తీసింది!

లోపల తప్పక చూడాల్సింది రంగీన్ మహల్. చెక్కిన కలప స్తంభాలు, రంగు టైల్స్... వీటన్నిటినీ మించి నల్లరాతిలో పొదిగిన ముత్యపుచిప్పల లతలు. అలీ బరీద్ కాలపు పని ఇది. నేరుగా ఎండ తగలని గది కాబట్టి మధ్యాహ్నమే దీనికి అనువైన సమయం. అటూ ఇటూ కదిలి చూస్తే చిప్ప ముక్కలు ఒక్కో కోణంలో ఒక్కో రంగు చూపిస్తాయి. తలుపుకు తాళం ఉంటే వెనుదిరగకుండా సిబ్బందిని అడగండి. దగ్గర్లోనే సోలా ఖంబా మసీదు. వరుస స్తంభాల మధ్య వెలుగు నీడలు పిల్లలకు కూడా మంచి ఫొటోలు నేర్పిస్తాయి.

అఫనాసీ నికితిన్ అనే రష్యన్ వ్యాపారి 1470 ప్రాంతంలో బీదర్‌లో గడిపాడు. సుల్తాను కోటకు ఏడు ద్వారాలున్నాయనీ, లోపల ప్రతిదీ చెక్కడాలతో, బంగారు పూతతో మెరిసిపోతోందనీ రాసుకున్నాడు. ఆ బంగారం ఇప్పుడు లేదు. ఆయన మాటలే మిగిలాయి.

భోజనానికి నానక్ ఝీరా గురుద్వారా ఉండనే ఉంది. తలకు గుడ్డ కట్టుకుని లంగర్‌లో కూర్చుంటే ఎవరికైనా అన్నం పెడతారు. తర్వాత బిద్రీ పనివారి వీధి. జింకు, రాగి కలిపిన లోహంలో వెండి తీగ పొదిగి, కోటలోని పాత మట్టిని నవాసాగరంతో కలిపి రుద్దితే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా మెరుస్తుంది. ఈ కళకే బీదర్‌కు చెందిన షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి 2023లో పద్మశ్రీ వచ్చింది. రంగీన్ మహల్‌లో నల్లరాతి మీద ముత్యపుచిప్ప చూసి వచ్చిన కళ్లకు నల్ల లోహం మీద వెండి కొత్తగా అనిపించదు. ఫొటో తీసేముందు పనివారిని ఓ మాట అడగడం మర్యాద.

పొద్దు వాలాక... పడమటి కమాను

చివరి మజిలీ ఊరికి పడమర ఉన్న బరీద్ షాహీ సమాధులు. అలీ బరీద్ తన సమాధిని బతికుండగానే 1577లో పూర్తి చేయించుకున్నాడు. నాలుగు వైపులా పెద్ద కమానులు, తలుపుల్లేవు. సూర్యుడు దిగేటప్పుడు పడమటి కమానులోంచి వెలుగు సమాధి మీదుగా తూర్పు కమాను దాటి బయటికి పోతుంది. కెమెరా వెలుగును ఆకాశానికి సరిపెడితే కమాను నల్లటి చట్రంలా, మధ్యలో ఆకాశం ఎర్రగా పడుతుంది. సాయంత్రం ఇక్కడికి షికారుకొచ్చే వారిలో ఒకరు ఆ చట్రంలోకి నడిచి వస్తే కట్టడం ఎంత పెద్దదో తెలుస్తుంది.

ఫొటోలు ఏం చేయాలి?

నిజాం రాజ్య పురావస్తు శాఖకు 1914 నుంచి డైరెక్టరుగా పనిచేసిన గులాం యజ్దానీ బీదర్‌ కట్టడాలను ఒక్కొక్కటిగా కొలిచి, గీయించి, ఫొటోలు తీయించి 1947లో పెద్ద గ్రంథంగా వెలువరించారు. ఏ గోడ మీద ఏముందో తెలుసుకోవాలంటే ఇప్పటికీ దాన్నే తిరగేస్తారు. బీదర్ కట్టడాలు 2014లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. అయినా రాలే టైలు జాబితా చూసి ఆగదు.

అందుకే ఇక్కడ తీసే ఫొటోల్లో కొన్నయినా మనుషులు లేకుండా, గోడకు ఎదురుగా నిలబడి, టైల్స్ లెక్కపెట్టగలిగేంత దగ్గరగా తీయండి. తేదీ, చోటు రాసి దాచండి. మరో పదేళ్లకు మీ పిల్లలు అదే చోట నిలబడి అదే గోడను తీస్తే రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. మిగిలిందెంతో, పోయిందెంతో అప్పుడు తెలుస్తుంది.

వెళ్లేముందు

చలికాలం అనువైనది. సమాధులు, మదర్సా తెరిచే వేళలు ముందే కనుక్కోండి. ట్రైపాడ్ వాడాలంటే పురావస్తు శాఖ అనుమతి తీసుకోవాలి. టైల్స్‌ను చేత్తో తాకొద్దు, ఆనుకుని నిలబడొద్దు. ఖరీదైన కెమెరా లేకున్నా ఫర్వాలేదు, ఫోనున్నా చాలు. ఉదయం తూర్పున, సాయంత్రం పడమర ఉండేట్టు చూసుకుంటే బీదర్ తన పని తాను చేసుకుపోతుంది!