అవ్వ రేడియో

వాల్వు రేడియోను బాగుచేయించుకొనేవారు రెండు రకాలు. పెట్టె మీద మోజున్నవారు ఒక రకం, అందులోంచి వచ్చే మాట మీద ఆశ ఉన్నవారు రెండో రకం. సర్జాపురలో నా బల్ల మీదికి వచ్చేవి ఎక్కువగా మొదటివారివే. లోపలి సరంజామా పీకేసి, చిన్న బోర్డు బిగించి, చెక్కకు పాలిష్ పెట్టి హాల్లో పెట్టుకుంటారు. దాన్ని మరమ్మతు అనడానికి నాకు నోరు రాదు.

2016లో ఒక కుర్రవాడు తాతగారి సెట్టు తెచ్చి అదే కోరాడు: "అంకుల్, అంతా తీసేసి బ్లూటూత్ పెట్టేయండి." వెంట వచ్చిన అవ్వ మాత్రం, "కడప వస్తాదా నాయనా?" అంది.

ఆ ప్రశ్న వెనుక చాలా ఉంది. మా పక్క ఎన్నో తెలుగు ఇళ్లలో బడి చదువు కన్నడం, పొయ్యి దగ్గర మాట తెలుగు. తెలుగు అక్షరం ఎరగని ఆడవాళ్లకు వార్తలు, నాటకాలు అందించినవి 1948లో మొదలైన విజయవాడ కేంద్రం, 1963లో వచ్చిన కడప కేంద్రం. పొద్దుగూకాక మీడియం వేవ్ తరంగాలు పైనున్న అయానోస్పియర్‌కు తగిలి తిరిగి నేలకు దిగుతాయి. పగలు అందని స్టేషను రాత్రికి అందేది అందుకే.

వెనక అట్ట విప్పితే వాల్వులు నాలుగూ చెక్కుచెదరలేదు. గాజు మీద బి.ఇ.ఎల్. ముద్ర. 1954లో మన జాలహళ్లిలో పెట్టిన ఆ సంస్థ అరవైలలో రేడియో వాల్వులు తయారుచేసేది. ముందుగా చెడేవి కండెన్సర్లు. అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్డుకు ముందుండే చిన్న కండెన్సరు లీకయితే వాల్వు కాగిపోతుంది, వెనువెంటనే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు మాడుతుంది. దాన్నీ, ఎండిపోయిన ఫిల్టరు కండెన్సర్లనూ మార్చాను. తరువాత 60 వాట్ల పాత బల్బు సిరీస్‌లో పెట్టి కరెంటిచ్చాను. బల్బు ఒకసారి వెలిగి మందగించింది. లోపల షార్టు లేదన్నమాట.

కుర్రవాడి కోరికా తీర్చాను, ఏమీ పీకకుండానే. గ్రామఫోను తగిలించుకోవడానికి వెనక పికప్ సాకెట్టు ఉండనే ఉంది. బ్లూటూత్ రిసీవరు రెండు చానెళ్లను రెండు రెసిస్టర్ల ద్వారా కలిపి అక్కడికిచ్చాను. ఆ సెట్టుకు మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరు ఉంది కాబట్టి ఆ పని చేశాను. అది లేని ఎ.సి.-డి.సి. సెట్లలో ఛాసిస్‌కే కరెంటుంటుంది, అలాంటి వాటిని ముట్టుకోను.

సెట్టు వాళ్లింటికి చేరిన రాత్రి 900 కిలోహెర్ట్జ్ దగ్గర ఒకటే గరగర. మొబైలు చార్జరు తీయించాను, కొంత తగ్గింది. ఎల్.ఇ.డి. దీపాలు ఆర్పించాను, ఇంకొంత తగ్గింది. మిద్దె మీద ముప్పై అడుగుల ఏరియల్ తీగ లాగాక, చీకట్లో, ఎవరో రాయలసీమ యాసలో వేరుశనగ తెగులు గురించి మాట్లాడుతున్నారు. కుర్రవాడు ఫోను చూసుకోబోయాడు. "ఉండ్రా, చెప్పనీ" అంది అవ్వ.