రాజు, విల్లు, నిప్పు

డేరియస్ చక్రవర్తి పేరు వినగానే చాలామందికి యుద్ధాలు గుర్తొస్తాయి. నాకు మాత్రం ఎనిమిదిన్నర గ్రాములకు కొంచెం తక్కువ తూగే ఒక బంగారు నాణెం గుర్తొస్తుంది. దాని పేరు డేరిక్. క్రీ.పూ. 6వ శతాబ్దం చివర మొదటి డేరియస్ కాలంలో పర్షియాలో పుట్టింది. ముందువైపు కిరీటం, గడ్డం ఉన్న రాజు. ఒక చేత విల్లు, ఇంకో చేత ఈటె, మోకాలు వంచి పరుగెత్తే భంగిమ. వెనుక వైపు బొమ్మ లేదు, అచ్చు గుద్దిన గుంట తప్ప. రెండువైపులా ఎక్కడా పేరు లేదు!

"చచ్చిపోయిన రాజుల డబ్బు లెక్కపెట్టి నువ్వేం బాగుపడతావురా?" అని మా మామయ్య వేళాకోళం. ఆయన మాటకేం గాని, నన్ను పట్టుకున్న ప్రశ్న వేరే ఉంది. బంగారం విలువ తూకంలోనే ఉంటే దానిమీద బొమ్మ దేనికి?

చేతులు మారినప్పుడల్లా తూచి చూసుకోనక్కర్లేదని చెప్పడానికి. ఆ బొమ్మ రాజుగారి హామీ అన్నమాట. గ్రీకులు ఈ నాణేలను "విలుకాళ్లు" అనేవారు. స్పార్టా రాజు అజెసిలేయస్ ఆసియాలో పర్షియన్లను ఓడిస్తూ ఉంటే, పర్షియా బంగారం గ్రీసులో అతని శత్రువులను లేవదీసింది. క్రీ.పూ. 394లో అతను వెనక్కి మళ్లవలసి వచ్చింది. ముప్పైవేల మంది విలుకాళ్లు తనను తరిమేశారని అన్నాడట. ప్లూటార్క్ రాసిన ముచ్చట ఇది. ఒక్క బాణం వెయ్యకుండా గెలవడమంటే ఇదే గదా!

తర్వాత అలెగ్జాండర్ వచ్చాడు. పర్షియా ఖజానా అతని వశమైంది. అతని బంగారు నాణేల మీద ఎథీనా, విజయదేవత నైకీ వెలిశారు. లోహం బంగారమే, హామీ ఇచ్చేవాడే మారాడు.

క్రీ.శ. 224లో పార్థియన్లను ఓడించిన ససానియన్ రాజు మొదటి అర్దషీర్ దీనారం చూడండి. విల్లు మాయమైంది. ఒకవైపు కిరీటంతో రాజు, చుట్టూ అతని పేరు, మజ్దాను కొలిచేవాడనే బిరుదు. రెండోవైపు జొరాస్ట్రియన్ల అగ్నివేదిక. ఆ వంశంలో కిరీటం తీరు చూసి ఏ రాజో చాలావరకు చెప్పవచ్చు. కిరీటాలు మారినా వెనుక ఆ నిప్పు మాత్రం వెలుగుతూనే ఉండేది.

మనం పెళ్లి ప్రమాణానికి అగ్నిసాక్షి అంటాం. ఆ వేదికను చూస్తే నాకా మాటే తోస్తుంది. మొదటి రాజుకు తన విల్లే చాలింది. తర్వాతి రాజు దైవాన్ని కూడా పూచీకి తెచ్చుకున్నాడు. జనం నమ్మితేనే నాణెం చెల్లుతుంది. ఆ నమ్మకం ఎలా పుట్టిందో, ఎలా కరిగిపోయిందో తెలుసుకోవాలనే నేను చరిత్ర చదువుతున్నాను.