పేరు చెప్పాక

పెనుగొండ వెళుతున్నానంటే మా అమ్మ "బాబయ్య దర్గాకా?" అంది. మా వాళ్ల నోట పెనుకొండ అంటే రాయలసీమలో ఉన్నదే. అక్కడ బాబా ఫక్రుద్దీన్ దర్గా ఉంది. సాయిబులూ, దూదేకులూ, హిందువులూ అందరూ బాబయ్యా అని మొక్కుకుంటారు. నేను వెళ్లింది గోదావరి ఒడ్డు పెనుగొండకి. మొక్కూ లేదు, పనీ లేదు. రెండు రోజులు ఊరికే ఉండి వద్దామని. పేరులో షేక్ ఉన్నవాడు ఒక ఊళ్లో ఊరికే ఉండగలడా అన్నది వెళ్లాకగానీ తోచలేదు.

హైవే మీద సిద్ధాంతం దగ్గర దిగితే వశిష్ఠ గోదావరి. అక్కణ్నుంచి ఆటోలో పెనుగొండ. దారంతా కాలవలు, వరిచేలు, గట్ల మీద కొబ్బరిచెట్లు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాకి వచ్చిన పచ్చదనం ఇది. దగ్గర్లోనే మార్టేరు. 1982లో స్వర్ణ వరి విడుదలయింది అక్కడి పరిశోధనా కేంద్రం నుంచే. ఆ అన్నం ఏ ఇంటి కంచంలో పడాలో గింజ ఎవర్నీ అడగలేదు.

పెనుగొండ అంటే వాసవీ కన్యకాపరమేశ్వరి. నగరేశ్వరస్వామి గుడి, అమ్మవారి గుడి, దేశం నలుమూలల నుంచీ వచ్చే ఆర్యవైశ్యులు. విష్ణువర్ధనుడనే రాజు కుసుమ శ్రేష్ఠి కూతుర్ని కోరాడట. కూతుర్నివ్వడం ఇష్టంలేక వైశ్యులు సభ చేశారట. 714 గోత్రాల వాళ్లలో 612 గోత్రాల వాళ్లు రాజుకి భయపడి ఊరు విడిచి వెళ్లిపోతే, 102 గోత్రాల వాళ్లు వాసవితోపాటు అగ్నిలోకి నడిచారని పురాణం. మాఘ శుద్ధ విదియనాడు ఆ ఆత్మార్పణను తలుచుకుంటారు. 2025లో ప్రభుత్వం దాన్ని రాష్ట్ర పండుగగా జరిపింది.

గుడి ఎదుట అరుగు మీద కూచుని చాలాసేపు ఆ కథే తలుచుకున్నాను. రాజు ముందు తల వంచనివాళ్లు తక్కువ మందే. ఆ తక్కువమంది గోత్రాలే ఇవాళ్టికీ ఒక జాతి గుర్తు. తమకు జరిగిన అన్యాయాన్ని ఒక సమాజం ఇన్ని తరాలు మరవకుండా దాచుకుంది. నాకది పరాయి కథ అనిపించలేదు.

వీధి చివర టీ కొట్టాయన "ఏ ఊరండీ మనది?" అన్నాడు. ఆ 'మనది' వింటే ప్రాణం లేచొచ్చింది. గోదావరి జిల్లాలో తప్ప ఇంత తీపిగా ఎవరడుగుతారు? ఊరు చెప్పాను. తర్వాత పేరడిగాడు. అదీ చెప్పాను. ఒక క్షణం ఆగి, "అయినా తెలుగు భలే మాట్లాడుతున్నారండీ!" అన్నాడు. మంచివాడే. మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు. మా అమ్మ జోల పాడింది తెలుగులో, తిట్టింది తెలుగులో. దువా తప్ప మా ఇంట్లో అన్నీ తెలుగే. 'మనది' నుంచి 'మీరు' దాకా నేను నడిచిన దూరం ఒక్క పేరంత.

ఆ రాత్రి పక్క ఊళ్లో గది కోసం వెళ్లాను. ఫోన్లో "ఖాళీ ఉందండీ, రండి" అన్నవాళ్లు, కార్డు మీద పేరు చూశాక "ఇప్పుడే నిండిపోయాయండీ" అన్నారు. తలుపు తీసున్న గదులు నా కళ్లకి కనపడుతూనే ఉన్నాయి.

విష్ణువర్ధనుడి పాపానికి ఇవాళ ఎవరినైనా నిలదీస్తున్నారా? అతనిది ఏ వంశం, ఏ కులం అని ఎవరైనా వెతుకుతున్నారా? వెతకరు, వెతకకూడదు కూడా. రాజు పాపం రాజుతోనే పోయింది. మరి నా దగ్గరికొచ్చేసరికి లెక్క ఎందుకు మారుతుంది? రాజమండ్రి పెద్ద మసీదు శాసనం 1324 నాటిది. ఢిల్లీ తుగ్లక్ సైన్యం గోదావరి దాకా వచ్చిన రోజులవి. ఆ సైన్యంలో మా తాత లేడు. ఉన్నా లేకపోయినా, మా తాత చేతిలో ఉన్నది దూది ఏకే విల్లు. ఊరూరా తిరిగి పరుపులు కుట్టాడు. ఆయన కుట్టిన పరుపుల మీద అన్ని కులాల పెళ్లికూతుళ్లూ పడుకున్నారు. సుల్తానుల లెక్క మాత్రం ఆయన మనవడు అప్పజెప్పాలి!

షేక్ చినమౌలానా కరవదిలో పుట్టిన మనిషి. శ్రీరంగంలో స్థిరపడి రంగనాథుడి సన్నిధిలో నాదస్వరం ఊదాడు. కోస్తాలో ఎన్ని గుళ్ల ముందు, ఎన్ని పెళ్లి పందిళ్లలో మా వాళ్ల సన్నాయి మోగలేదు! ఊదుతున్నంతసేపూ ఎక్కణ్నుంచి వచ్చావని ఎవరూ అడగరు. సన్నాయి సంచిలో పెట్టి, రాత్రికి గది కావాలన్నప్పుడు అడుగుతారు.

మర్నాడు పొద్దున్నే సిద్ధాంతం రేవులో కూచున్నాను. నీళ్లు చల్లగా, నిదానంగా పోతున్నాయి. పక్కన స్నానం చేస్తున్న పెద్దాయన "ఏ ఊరండీ మనది?" అన్నాడు. చెప్పాను. ఈసారి ఆయన పేరడగలేదు. నేనే చెప్పాను, పూర్తిగా, ఇంటిపేరుతో సహా. "అలాగాండీ" అని మునక వేశాడు. తేలాక, కాలవలకి నీళ్లు ఎప్పుడు కట్టేస్తారో, దాళ్వా ఎలా ఉందో మాట్లాడాడు. నేనింత దూరం వచ్చింది ఆ 'అలాగాండీ' కోసం. అది ఒక్క రేవులోనే దొరికితే నాకు సరిపోదు. టీ కొట్టు దగ్గరా, లాడ్జి గుమ్మంలోనూ దొరకాలి.