ఎదురుగా ఓ కుర్చీ

మాది ఒంగోలు దగ్గర కరవది. 1977లో పద్మశ్రీ అందుకున్న నాదస్వర విద్వాంసుడు షేక్ చిన మౌలానా పుట్టిన ఊరు. నా చిన్ననాటి నేస్తమూ నాదస్వరమే పట్టాడు. తెల్లారకముందే వాడు సాధన చేస్తుంటే, పక్కనే కూర్చుని లెక్కలు చేసుకునేవాణ్ణి.

నా పెళ్లికి మాత్రం గొప్పకు పోయి బ్యాండుమేళం మాట్లాడాను. వాణ్ణి చుట్టంలా పిలిచాను. తీరా తాళి కట్టే వేళకు బ్యాండువాళ్లు చెట్టుకింద టీ తాగుతున్నారు. వాడు సంచిలోంచి వాద్యం తీసి మంగళవాద్యం మోగించాడు. డబ్బివ్వబోతే, "నీ దగ్గరట్రా?" అన్నాడు. అంతే.

ఇప్పుడు వాడు వాయించే పెళ్లి ఏదైనా, తెలిస్తే చాలు, వెళ్తాను. అందరూ భోజనాల హడావిడిలో ఉంటారు. నేను ఎదురుగా కుర్చీ వేసుకుంటాను. నా బాకీ తీరదు. కానీ నన్ను చూసి వాడు తలూపి రాగం ఎత్తుకుంటాడు చూడండీ... అది చాలు నాకు.